భోగి మంటలో వేసే ముందు ఆ ఉత్తరాల కట్ట విప్పి చూడండి

సంపాదకులకు,

నమస్కారం. సంక్రాంతికి ఇళ్లు దులుపుతున్న రోజులివి. అటక మీంచి దిగిన ట్రంకు పెట్టెల్లో పాత పత్రాల పక్కన ఉత్తరాల కట్ట ఒకటి కనిపిస్తుంది. విశాఖపట్నంలోనూ, చుట్టుపక్కల పల్లెల్లోనూ ఆ కట్టల్లో పరదేశపు కవర్లు తరచుగా ఉంటాయి. రంగూన్ వెళ్లినవాళ్లు రాసినవి, ఓడల మీద పనిచేసినవాళ్లు రేవు రేవు నుంచి పంపినవి, కువైట్, దుబాయ్ నుంచి వచ్చినవి, అమెరికా పిల్లలవి. భోగినాడు అవి మంటలోకో, అంతకుముందే పాత పేపర్లవాడి తూకంలోకో పోతాయి. కాస్త మక్కువ ఉన్న ఇంట్లో అయితే పిల్లలు కత్తెర పట్టుకుని స్టాంపులు కత్తిరించుకుని మిగతాది పారేస్తారు. కత్తెర చేసే నష్టం మంట చేసే నష్టానికి పెద్దగా తీసిపోదని మీ పత్రిక ద్వారా పాఠకులకు చెప్పాలని ఈ ఉత్తరం రాస్తున్నాం. విదేశం నుంచి వచ్చిన కవరును కవరుగానే ఉంచండి.

కారణం రంగూన్ ఉత్తరాల్లో బాగా కనిపిస్తుంది. 1937 ఏప్రిల్ 1న బర్మా మన దేశం నుంచి వేరుపడింది. అంతకుముందు అక్కడ వాడింది మామూలు భారత స్టాంపులే. వేరుపడిన రోజు నుంచి అవే స్టాంపుల మీద ‘బర్మా’ అని నల్లగా అచ్చేసి అమ్మారు. ఆ దేశానికి సొంత బొమ్మలున్న స్టాంపులు 1938లో వచ్చాయి. కాబట్టి 1930లో రంగూన్ నుంచి చికాకోల్ (ఇప్పటి శ్రీకాకుళం) తాలూకాకు వచ్చిన కవరు మీద ఉన్నది ఐదో జార్జి బొమ్మతో మనందరికీ తెలిసిన స్టాంపు. దాన్ని కత్తిరిస్తే మిగిలేది ఎక్కడైనా దొరికే ఒక చిన్న కాగితం ముక్క. కవరు మొత్తంగా ఉంటేనే ముందు వైపు రంగూన్, మౌల్మేన్ లేదా అక్యాబ్ ముద్ర, తేదీ చదవగలం. వెనక చేరిన ఊరి పోస్టాఫీసు చేరిక ముద్ర ఉంటుంది. ఆ రెండు తేదీల మధ్య తేడా చూస్తే ఉత్తరం సముద్రం దాటి ఊరు చేరడానికి ఎన్ని రోజులు పట్టిందో తెలిసిపోతుంది. చిరునామాలో ఊరి పాత పేరు, తాలూకా, తండ్రి పేరు ఉంటాయి. యుద్ధకాలం నాటిదైతే పక్క అంచును కత్తిరించి, సెన్సారు అధికారి తెరిచాడని చెప్పే కాగితపు పట్టీతో మళ్లీ అతికించి ఉండొచ్చు. 1942 మార్చిలో రంగూన్ జపాన్ చేతికి చిక్కింది కాబట్టి దానికి ముందు నెలల తేదీలున్న కవర్లను మరింత జాగ్రత్తగా చూడాలి. కత్తెర ఇవన్నీ తీసేసి రాజుగారి బొమ్మ ఒక్కటే మిగులుస్తుంది.

గల్ఫ్ కవర్లదీ ఇలాంటి కథే. 1971 డిసెంబర్ 2న దుబాయ్ వంటి ఎమిరేట్లు (చిన్న రాజ్యాలు) కలిసి ఒక దేశమయ్యాయి. ఆ కొత్త దేశం పేరుతో సాధారణ స్టాంపులు 1973లో వచ్చాయి. మధ్యకాలంలో దుబాయ్ నుంచి వచ్చిన ఉత్తరం మీద దుబాయ్ స్టాంపే ఉంటుంది. పైగా 1960ల చివర, 1970ల మొదట్లో అజ్మాన్, ఫుజైరా వంటి చిన్న ఎమిరేట్ల పేరుతో రంగురంగుల స్టాంపులు సేకర్తలకు అమ్మడానికే కుప్పలుగా అచ్చయ్యాయి. వాటిలో చాలావాటిని అచ్చు దశలోనే ఓ మూల శుభ్రంగా ముద్ర వేసి, వెనక జిగురు జిగురుగానే ఉండగా అమ్మేశారు. ఇవి ఉత్తరం మోయలేదు. అక్కడి నుంచి నిజంగా టపాలో వచ్చిన కవరు మీద ముద్ర స్టాంపు దాటి కాగితం మీదికి సాగి ఉంటుంది. స్టాంపు ఆ కవరుదేనని చెప్పే సాక్ష్యం అదే. కత్తిరిస్తే ఆ సాక్ష్యం రెండు ముక్కలవుతుంది.

కవరును ఎలా చదవాలో కొంచెం చెప్తాం. అంతర్జాతీయ తపాలా సంఘం 1874లో బెర్న్‌లో పుట్టింది. భారత్ అందులో 1876లో చేరింది. ఆ సంఘం అధికార భాష ఫ్రెంచి కనుక కవర్ల మీద ఇంగ్లిషులా కనిపించే చాలా మాటలు నిజానికి ఫ్రెంచివి. నీలం చీటీ మీద ‘పార్ ఆవియోఁ’ అంటే విమానంలో. పెద్ద ‘ఆర్’ అక్షరమూ నంబరూ ఉన్న చీటీ రిజిస్టర్డ్ ఉత్తరానిది. ‘రెతూర్’ అంటే తిప్పి పంపినది, ‘ఆంకొన్యూ’ అంటే చిరునామాదారు ఎవరో తెలియలేదని. ఒంటరిగా ‘టి’ అక్షరం, దాని పక్కన భిన్నం ఉంటే స్టాంపు ఖరీదు చాలలేదని, తేడా ఇక్కడ వసూలు చేయాలని అర్థం. ఇంట్లోవాళ్లకి ఆ రోజు అది చిరాకు తెప్పించి ఉంటుంది కానీ సేకర్తకు అలాంటి కవరే ముద్దు. 2020లో కోవిడ్ వల్ల విమానాలు ఆగినప్పుడు ‘సర్వీసు నిలిపివేశాం’ అన్న ముద్రతోనో, చీటీతోనో వెనక్కి వచ్చిన ఉత్తరాలూ అంతే విలువైనవి. ‘చేరని ఉత్తరం కదా’ అని వాటిని పారేస్తున్నవాళ్లు దయచేసి ఆగాలి.

దేశం పేరు తెలియక పక్కన పడేసే కవర్లు కొన్ని ఉంటాయి. హెల్వేషియా అంటే స్విట్జర్లాండ్, సువోమి అంటే ఫిన్లాండ్, స్వెరియే స్వీడన్, మజ్యార్ హంగరీ, హెల్లాస్ గ్రీసు, ఐరే ఐర్లండ్. ఏ పేరూ లేకుండా రాణి లేదా రాజు తల మాత్రమే ఉంటే అది బ్రిటన్. స్టాంపులు మొదట (1840లో) తెచ్చిన దేశం కాబట్టి పేరు వేయనక్కర్లేదన్న మినహాయింపు దానికొక్కదానికే ఉంది.

ఇక చేతిపని. కట్టకు రబ్బరు బ్యాండు ఉంటే లాగొద్దు. పాతబడి కాగితానికి అంటుకుపోయి ఉంటుంది, కత్తిరించి ముక్కలుగా తీయాలి. గుండుసూది, జెమ్ క్లిప్, స్టేపుల్ పిన్ను ఏదున్నా ముందు అవి పోవాలి. మన సముద్రపు గాలికి తుప్పు త్వరగా పట్టి కవరులోకి దిగుతుంది, ఆ మరక ఇక పోదు. స్టేపుల్ కాళ్లను వెనక నుంచి సన్నటి రేకుతో నిటారుగా లేపి ఆ తర్వాతే తీయండి. పాత సెలోటేపును పీకొద్దు. చిరిగిన చోట కొత్త టేపు అసలు వేయొద్దు. బూజు కనిపిస్తే మూతికి మాస్కు కట్టుకుని, ఆరుబయట నీడలో మెత్తటి పెయింటింగ్ బ్రష్షుతో ఒకే దిక్కున తుడవండి. తడిగుడ్డ వద్దు, ఎండ వద్దు. పాత చిరునామాల సిరా చాలామటుకు నీటికి కరిగేదే. లోపల ఉత్తరం ఉంటే కవరుతోనే ఉంచండి. అది ఇంటి సంగతి అనుకుంటే విడిగా దాచుకుని, ఏ కవరుదో పెన్సిల్‌తో చీటీ రాసి పెట్టండి. కవరు మీద మాత్రం ఏమీ రాయకండి. లామినేషన్ చేయించడం అంటే దాన్ని చంపేయడమే.

దాచడం విషయంలో విశాఖవాళ్లకు మిగతా ఊళ్లకంటే ఎక్కువ శ్రద్ధ కావాలి. ఇక్కడి గాలిలో తేమ ఏడాదిలో చాలా నెలలు 70 శాతం పైనే ఉంటుంది. కాగితానికి హాయిగా ఉండేది 45 నుంచి 55 మధ్య. 65 దాటి వారాల తరబడి ఉంటే బూజు మొదలవుతుంది, గోధుమ రంగు చుక్కలు లేస్తాయి. అవి ఒకసారి వస్తే ఇంట్లో చేయగల వైద్యం లేదు. బీరువా సముద్రం వైపు గోడకు ఆనించి ఉంటే ముందు జరపండి, గోడకూ దానికీ బెత్తెడు ఖాళీ ఉండాలి. బీరువాలో నేరుగా పెట్టకుండా గాలి చొరని మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో పెట్టండి. 20 లీటర్ల డబ్బాకు తేమ పీల్చే సిలికా జెల్ గింజలు 100 గ్రాములు గుడ్డసంచిలో వేసి ఒక మూల ఉంచండి. నారింజ రంగు గింజలు ముదురు ఆకుపచ్చకు మారితే తేమ పట్టినట్టు. ఓవెన్‌లో 120 డిగ్రీల దగ్గర రెండు గంటలు వేడి చేస్తే మళ్లీ పనికొస్తాయి, ఎండలో పెడితే సరిపోదు. తేమ చూపే చిన్న మీటరు ఒకటి డబ్బాలోనే ఉండాలి, ఎందుకంటే జెల్ ఎక్కువైనా ఇబ్బందే. 35 శాతం కంటే దిగితే పాత కాగితం పెళుసెక్కుతుంది, స్టాంపులు అంచుల దగ్గర ముడుచుకుంటాయి. నాఫ్తలీన్ ఉండలు కవర్ల మధ్య వేయొద్దు. ఆ ఆవిరి కొన్ని రకాల ప్లాస్టిక్‌ను మెత్తబరుస్తుంది. బొద్దింకలు, వెండి రంగు పుస్తకాల పురుగులు జిగురు కోసమే వస్తాయి కాబట్టి మూత గట్టిగా ఉంటే అంతకు మించి మందు అక్కర్లేదు.

ఒక్కో కవరును ఒక్కో పారదర్శకమైన తొడుగులో పెట్టాలి. స్టేషనరీ కొట్టులో చవగ్గా దొరికే మెత్తటి, వాసన వేసే ఫైలు తొడుగులు పీవీసీవి. వాటిలోని మెత్తబరిచే రసాయనం కొన్నేళ్లకు బయటికి ఊరి, సిరానూ ముద్రనూ తనవైపు లాగేసుకుంటుంది. తొడుగు తీస్తే చిరునామా ప్లాస్టిక్ మీద తిరగబడి కనిపించే దుస్థితి అలా వస్తుంది. పాలీప్రొపిలీన్ లేదా పాలియెస్టర్ అని అడిగి కొనండి. కొలతలోనూ పొరపాటు జరుగుతుంది. యూరప్ పొడుగు కవరు 220 మిల్లీమీటర్ల పొడవు, 110 వెడల్పు. అమెరికా పొడుగు కవరు పొడవు 241, వెడల్పు 105. మొదటిదానికి కొన్న తొడుగులో రెండోది పట్టదు, పట్టించబోతే అంచు మడత పడుతుంది. శుభలేఖ కవరులా ఉండే రకం 162కి 114. కవరు కంటే అన్ని వైపులా 5 మిల్లీమీటర్లు పెద్ద తొడుగు ఉండాలి. వాటిని దొంతర పేర్చకుండా గ్రామఫోను రికార్డుల్లా నిలబెట్టండి. దొంతరలో అడుగు కవర్ల స్టాంపులు ఒత్తిడికి, ఉక్కకి తొడుగుకు అంటుకుంటాయి.

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు కిటికీలు పగిలి నీళ్లు ఎలా లోపలికి వచ్చాయో ఈ ఊరికి వేరే చెప్పక్కర్లేదు. కవర్లు తడిస్తే 48 గంటల్లో బూజు పడుతుంది కాబట్టి ఆ గడువే లెక్క. అంటుకున్నవాటిని లాగి విడదీయొద్దు. విడిగా ఉన్నవాటిని బ్లాటింగ్ పేపర్ల మధ్య పరిచి, రెండు మూడు గంటలకోసారి పేపరు మార్చండి. ఫ్యాను గదిలో తిరగాలి, నేరుగా కవర్ల మీదికి కాదు. దాదాపు ఆరాక మాత్రమే పైన పుస్తకాల బరువు పెట్టండి. కట్ట పెద్దదైతే, లేదా కరెంటు లేక ఆ రోజే ఆరబెట్టడం కుదరకపోతే, జిప్ సంచుల్లో వేసి ఎక్కడైనా జనరేటరు ఉన్న ఇంట్లో డీప్ ఫ్రీజర్‌లో పెట్టండి. గడ్డకట్టి ఉన్నంతకాలం బూజు పెరగదు. తీరిక చూసుకుని ఐదారు చొప్పున బయటికి తీసి ఆరబెట్టుకోవచ్చు.

పాతవాటితోనే ఆగనక్కర్లేదు. బయటి దేశాల్లో పిల్లలు, బంధువులు లేని వీధి విశాఖలో లేదు. వాళ్లని ఏడాదికి రెండు ఉత్తరాలు అడగండి. అయితే ఎలా పంపాలో కూడా చెప్పాలి, లేకపోతే వచ్చేది స్టాంపు బదులు కౌంటర్లో అచ్చేసిన తెల్ల లేబుల్ కవరే. అమెరికాలో ఉన్నవాళ్లకు ఇలా చెప్పండి: గుండ్రంగా ఉండే ‘గ్లోబల్ ఫరెవర్’ స్టాంపు ఒక్కటి అతికిస్తే ఒక ఔన్సు, అంటే సుమారు 28 గ్రాముల వరకు ఏ దేశానికైనా సరిపోతుంది. ఇంకా మంచిది, అదే మొత్తం వచ్చేలా రెండు మూడు స్మారక స్టాంపులు అతికించడం. పెట్టెలో వేయకుండా కౌంటర్లో ఇచ్చి ‘హ్యాండ్ క్యాన్సిల్’ (చేత్తో ముద్ర వేయడం) అని అడగాలి. పెట్టెలో వేస్తే యంత్రం నల్లటి చుక్కల గీతలు చిమ్ముతుంది, ఊరి పేరు సరిగా కనబడదు. స్టాంపులు పై కుడి మూల నుంచి వెడల్పులో 74, ఎత్తులో 40 మిల్లీమీటర్ల లోపలే ఉండాలి, యంత్రాలు ముద్ర కోసం వెతికే చోటు అదే. కింది అంచున 15 మిల్లీమీటర్లు ఖాళీ వదలాలి, లేదంటే చిరునామా మీదే బార్‌కోడ్ పడుతుంది. స్టాంపును అంచుకు మరీ ఆనించొద్దు, నాలుగు మిల్లీమీటర్లు వదిలితే పళ్లు నలగవు. లోపల శుభలేఖ మందం అట్ట ఒకటి, కవరుకంటే కొంచెం చిన్నది వేయాలి. అంతకంటే గట్టిది వేస్తే యంత్రంలో వంగక అదనపు రుసుము పడుతుంది. కాగితం తప్ప ఇంకేదీ పెట్టొద్దు, రాఖీ అయినా సరే. వస్తువు ఉంటే అది ఉత్తరం కాకుండా సరుకు అవుతుంది, కస్టమ్స్ చీటీ కావాలి.

బ్రిటన్ నుంచి వచ్చే మామూలు స్టాంపుల పక్కన 2022 నుంచి చతురస్రపు కోడ్ ఉంటోంది. అది స్టాంపులో భాగమే. మధ్యలో గీత ఉంది కదా అని విడదీసినవాళ్లు రెండు భాగాలనీ పాడుచేసుకున్నట్టే. అమెరికా కొత్త స్టిక్కరు స్టాంపులు నీళ్లలో నానబెట్టినా ఊడవు, వాటి జిగురు నీటికి కరగదు. అంటే ఈ రోజుల్లో కవరుతో ఉంచడం తప్ప వేరే దారీ లేదు. చేరిన కవరును తెరిచేటప్పుడు ఎడమ వైపు పొట్టి అంచును పదునైన చాకుతో ఒక మిల్లీమీటరు మేర కోయండి. వెనక మూతను చింపితే పంపినవారి చిరునామా, చేరిక ముద్ర పోతాయి.

ఓడల ఊరు కాబట్టి ఒక రకం కవరు గురించి తప్పక చెప్పాలి. 1965లో జాతీయ నౌకాయాన దినోత్సవానికి మన తపాలా శాఖ వేసిన 15 పైసల స్టాంపు మీద ఉన్నది విశాఖలో తయారైన జలఉష ఓడ, వెనక విశాఖ రేవు. అలాంటి ఊళ్లో పాక్‌బో కవర్లు తెలియకపోవడం బాధగా ఉంటుంది. నడిసముద్రంలో ఉన్న ఓడలో ఉత్తరం రాసి, ఆ ఓడ ఏ దేశపు జెండా ఎగరేస్తుందో ఆ దేశపు స్టాంపు అతికించి, తర్వాతి రేవులో పోస్టాఫీసుకు ఇస్తే, వాళ్లు తమ ముద్ర వేసి పక్కన ‘పాక్‌బో’ అని మరో ముద్ర వేసి పంపాలి. పి-ఏ-క్యూ-యు-ఇ-బి-ఓ-టి అన్నది దాని స్పెల్లింగ్. అలా నార్వే స్టాంపు మీద సింగపూర్ ముద్ర ఉన్న కవరు పుడుతుంది. స్టాంపు మాత్రం కత్తిరించి ఉంచితే దాని మీది ముద్ర నకిలీలా కనిపిస్తుంది. మర్చంట్ నేవీలో ఉన్నవాళ్లు గుర్తుంచుకోవలసింది ఏమిటంటే, ఓడ రేవులో కట్టి ఉన్నప్పుడు ఈ వెసులుబాటు లేదు, ఆ రేవు దేశపు స్టాంపే అతికించాలి. కవరు పై ఎడమ మూల ‘పాక్‌బో’, ‘నడిసముద్రంలో పోస్టు చేసినది’ అని ఇంగ్లిషులో రాసి, ఓడ ముద్ర కూడా వేయించండి. చిన్న పోస్టాఫీసుల్లో ఈ నియమం తెలియక పరాయి స్టాంపు చెల్లదని ‘టి’ వేస్తారు. కాబట్టి ఆ ఊరి ప్రధాన పోస్టాఫీసులోనే ఇవ్వడం మంచిది.

దూరపు ముద్ర కావాలంటే మన స్టాంపుతోనే తెప్పించుకోగల చోటు ఒకటి ఉంది. అంటార్కిటికాలో మన తపాలా కార్యాలయం 1984లో దక్షిణ గంగోత్రి పరిశోధన కేంద్రంలో మొదలైంది. 2024 ఏప్రిల్ 5న భారతి కేంద్రంలో మరొకటి తెరిచారు, దాని పిన్ ఎంహెచ్-1718. అవి గోవా తపాలా విభాగం కింద నడుస్తాయి. కవర్లు శాస్త్రవేత్తల బృందంతో వెళ్లి ముద్ర పడి తిరిగి రావడానికి నెలలు పడుతుంది. ఓపిక ఉండాలి.

పిల్లలున్న ఇళ్లకు ఒక మాట. హెడ్ పోస్టాఫీసులో 200 రూపాయలతో ఫిలాటెలీ (స్టాంపుల సేకరణ) డిపాజిట్ ఖాతా తెరవొచ్చు. ఆరు నుంచి తొమ్మిది తరగతుల పిల్లలకు 2017 నుంచి దీన్‌దయాళ్ స్పర్శ్ అనే స్టాంపుల సేకరణ ఉపకారవేతన పథకం కింద నెలకు 500 రూపాయల చొప్పున ఏడాదికి 6,000 ఇస్తున్నారు. దేశం మొత్తానికి 920 మందికి. బడిలో ఫిలాటెలీ క్లబ్ ఉంటే సరే, లేకపోతే ఈ ఖాతా ఉండాలి.

ఇప్పుడే ఎందుకింత పట్టు అంటే, ఉత్తరాలే ఆగిపోతున్నాయి. డెన్మార్క్‌లో 1624లో మొదలైన ఉత్తరాల బట్వాడాను అక్కడి పోస్ట్‌నార్డ్ సంస్థ 2025 డిసెంబర్ 30తో ముగించింది. ఎర్ర పోస్టు డబ్బాలు పీకేశారు, ఉత్తరాలు ఇప్పుడు ఒక ప్రైవేటు సంస్థ చేతిలో ఉన్నాయి. మన దేశంలో కూడా దేశం లోపలి రిజిస్టర్డ్ పోస్టును 2025లోనే స్పీడ్ పోస్టులో కలిపేశారు. మీ అటక మీద కోపెన్‌హాగన్ ముద్ర ఉన్న కవరు, మన ఊళ్ల మధ్యే నడిచిన ‘ఆర్’ చీటీ కవరు ఉంటే ఇక మీద అలాంటివి కొత్తగా పుట్టవు.

చివరగా తపాలా సిబ్బందికి రెండు విన్నపాలు. విదేశీ ఉత్తరం మీద ముద్ర పడకుండా వచ్చిన స్టాంపు కనబడితే దాని మీద బాల్‌పెన్నుతో అడ్డగీత కొట్టకండి. తేదీ ముద్ర వేయండి, మొద్దుబారినదైతే సిరా ప్యాడ్ తడిపి ఒక్కసారే నిటారుగా ఒత్తండి. బట్వాడా ముద్ర ఇదివరకు ప్రతి ఉత్తరం వెనకా పడేది, ఇప్పుడు మామూలు ఉత్తరాలకు చాలాసార్లు పడటం లేదు. ఎవరైనా కవరు పట్టుకొచ్చి అడిగితే, అది ఆ రోజే చేరినదైతే, వెనక వైపు ఆ తేదీ వేసి ఇవ్వండి.

ఇట్లు,
కొందరు తపాలా కవర్ల సేకర్తలు,
విశాఖపట్నం